చారల చేప కాసిడీహ్ చేరిన దారి

శ్రీకాకుళం పల్లెల్లో జంషెడ్‌పూర్ అని ఎవరూ అనరు, ‘టాటా’ అంటారు. ‘వాళ్ల పెద్దోడు టాటాలో ఉన్నాడు’ అంటే ఊరూ ఉద్యోగమూ రెండూ చెప్పినట్టే. అలా టాటా వెళ్లిన మా పెదనాన్న కాసిడీహ్‌లో కాపురం పెట్టాడు. సాక్చి బజారుకు నడిచి వెళ్లి కూరలు తెచ్చుకునేంత దూరం. వాళ్ల ముందుగదిలో కిటికీకి ఎదురు గోడన ఇనప చట్రం చేపల తొట్టి ఒకటి ఉండేది. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు. యాంగిల్ ముక్కలు కొని, స్నేహితుడి దుకాణంలో తనే వెల్డింగ్ చేసి, అద్దాలు బిగించి పుట్టీ పట్టించాడు. మూలల్లో తుప్పు కారి బయటి గాజు మీద గోధుమరంగు చారలు దిగేవి. దొడ్డమ్మ వాటిని నిమ్మచెక్కతో రుద్దేది.

ఆ తొట్టిని చంపింది నేనే. వేసవి సెలవులకు వెళ్లాను, తొమ్మిదేళ్లుంటాయి. అడుగున గులకరాళ్లు జిగటగా ఉన్నాయని, అద్దానికి పాచి పట్టిందని, పెదనాన్న కొడుకు అన్నయ్యా నేనూ కలిసి అంతా పెరట్లోకి మోసుకెళ్లి తళతళలాడేలా కడిగేశాం. కుళాయి నీళ్లు నిండా పట్టి, పాత గోల్డ్‌ఫిష్‌లకు తోడు ఇంకో నాలుగు కొత్తవి అదే రోజు వదిలాం. మూడో రోజుకి నీళ్లు బియ్యం కడుగులా తెల్లబడ్డాయి. చేపలన్నీ పైకి వచ్చి నోళ్లు తెరిచి గాలి మింగుతున్నాయి. ఆదివారానికి ఒక్కటీ మిగల్లేదు. పెదనాన్న ఏమీ అనలేదు, కరివేపాకు చెట్టు మొదట్లో గొయ్యి తీశాడు. దిష్టి తగిలిందని దొడ్డమ్మ తీర్పు.

ఆ దిష్టి కథ చాలా పాతది. లండన్‌లో రాబర్ట్ వారింగ్టన్ అనే రసాయన శాస్త్రవేత్త ఒక గాజుపాత్రలో రెండు చిన్న గోల్డ్‌ఫిష్‌లను, వాలిస్నేరియా అనే నీటిమొక్కను పెట్టి చూశాడు. మొక్క ఆకులు కుళ్లి నీళ్లు మురికయ్యాయి. చెరువులో ఇలా ఎందుకు కాదు అని ఆలోచించి, చెరువు నత్తలను కొన్ని తెచ్చి వేశాడు. అవి కుళ్లును తినేశాయి, నీళ్లు తేరుకున్నాయి. 1850లో ఆ సంగతిని రసాయన సంఘం పత్రికలో ప్రకటించాడు. చేప వదిలిన గాలి మొక్కకు, మొక్క వదిలిన ప్రాణవాయువు చేపకు అన్న లెక్క ఆయనది. లెక్క తప్పు కాదు గానీ సగమే. చేప విసర్జించే అమ్మోనియా విషం. దాన్ని ఒక జాతి సూక్ష్మజీవులు నైట్రైట్‌గా, మరో జాతి అంతకన్నా సాధువైన నైట్రేట్‌గా మారుస్తాయి. అవి రాళ్ల మీద, గాజు మీద, ఫిల్టర్ దూదిలో కాపురం పెట్టడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. మేం పెరట్లో తోమి పారేసిన జిగట అదే. పైగా కుళాయి నీళ్లలో క్లోరిన్. బకెట్లో ఒక రాత్రి మూత లేకుండా ఉంచి పోసినా కొంత నయమయ్యేది.

ఇంగ్లండ్‌లో గాజు మీద పన్ను 1845లో ఎత్తేశాక అద్దాలు చవకయ్యాయి. 1853లో లండన్ జూలో చేపలశాల తెరిచారు. మరుసటి ఏడాది ఫిలిప్ హెన్రీ గాస్ ‘ది అక్వేరియం’ పుస్తకంతో ఆ మాట అందరి నోటా నానింది. మనకు దగ్గర్లో మద్రాసు మెరీనా ఒడ్డున 1909లో అక్వేరియం వచ్చింది. కోస్తా జిల్లాల నుంచి కోర్టు పని మీద మద్రాసు వెళ్లినవాళ్లకు అదో వింత.

ఇక గాజుతొట్టికెక్కిన మన ఏటి చేపల సంగతికొస్తాను. ఈ వ్యాసానికి అసలు ప్రాణం అక్కడుంది.

ఫ్రాన్సిస్ బుకానన్ ఈస్టిండియా కంపెనీ వైద్యుడు, స్కాట్లాండ్ మనిషి. తర్వాత తల్లి వైపు ఆస్తి కలిసొచ్చి హామిల్టన్ అయ్యాడు. 1807 నుంచి 1814 దాకా కంపెనీ పంపగా బెంగాల్, బిహార్ జిల్లాలను చుట్టి వచ్చాడు. 1810-11లో భాగల్పూర్ జిల్లా సర్వే చేశాడు. నేటి జార్ఖండ్‌లోని రాజమహల్ కొండలు అప్పట్లో ఆ జిల్లావే. పంటలు, పన్నులు, కులాలు రాసుకోవడం కొలువు. దాంతోపాటు ఏటి ఒడ్డున జాలరి బుట్టలో ఏముందో కూడా చూశాడు. 1822లో ఎడిన్‌బరోలో అచ్చయిన ఆయన గంగ చేపల పుస్తకంలో 260కి పైగా జాతులున్నాయి. పేర్ల కోసం తంటాలు పడలేదు. జాలర్లు పిలిచే మాటలనే లాటిన్‌లోకి లాక్కున్నాడు: రేరియో, చునా, లాలియస్, రంగా, టిక్టో. ఈ పని మన వైపు అంతకుముందే జరిగింది. విశాఖపట్నంలో ఉండి వెళ్లిన పాట్రిక్ రస్సెల్ అక్కడి 200 చేపల బొమ్మలతో 1803లో రెండు సంపుటాలు వేశాడు, చేపలకు తెలుగు పేర్లే రాసుకున్నాడు. కాకపోతే అవి ఎక్కువగా సముద్రపు చేపలు, గాజుతొట్టికి పనికొచ్చేవి కావు.

హామిల్టన్ కోసీ నదిలో చూసిన రేరియోనే ఇవాళ ప్రపంచమంతా ‘జీబ్రా’ అని పిలిచే చేప. చిటికెనవేలంత కూడా ఉండదు. వెండి ఒంటి మీద తల నుంచి తోక దాకా నీలి గీతలు, అంచు పంచె మడతల్లా. వరిమడి కాలువల్లో, లోతులేని నీళ్లలో తిరిగేది. ఇరవయ్యో శతాబ్దం తొలి ఏళ్లలో జర్మన్ వ్యాపారులు దీన్ని యూరప్‌కు తీసుకెళ్లారు. అక్కడి నుంచి అమెరికా. 1981లో జార్జ్ స్ట్రైసింగర్ అనే శాస్త్రవేత్త ఆరెగాన్‌లో దీని క్లోన్లు తయారుచేశాడు. గుడ్డు పారదర్శకం, పిల్ల గుండె కొట్టుకోవడం బయటికే కనిపిస్తుంది, అందుకే ప్రయోగశాలలు ఎగబడ్డాయి. 2013లో జన్యుక్రమం వెలువడింది. మన జన్యువుల్లో దాదాపు 70 శాతానికి దీనిలో జోడీ ఉందని తేలింది. హైదరాబాద్ సీసీఎంబీ పరిశోధన సంస్థలో కూడా ఈ చేపల తొట్లున్నాయి. సింగపూర్‌లో జెల్లీఫిష్ జన్యువు చొప్పించి పచ్చగా వెలిగేలా చేస్తే, ఆ దారిలో పుట్టిన మెరుపు చేపలను 2003 చివర్లో అమెరికా దుకాణాల్లో అమ్మకానికి పెట్టారు.

కాసిడీహ్ ముందుగదికి దీన్ని మించిన చేప నాకు తోచదు. మే నెలలో అక్కడి ఎండ 40 డిగ్రీలు దాటుతుంది, జనవరి రాత్రులు పది కిందకి దిగే రోజులుంటాయి. అమెజాన్ నియాన్ టెట్రాలు, సయామ్ నుంచి వచ్చిన ఫైటర్ చేప ఆ చలికి ముడుచుకుపోతాయి, హీటర్ కావాలి. రేరియో పుట్టిందే ఎండావానాచలీ మారే నేల మీద. నీళ్లు 18 డిగ్రీలకు దిగినా ఆట మానదు. పెదనాన్న తొట్టి లాంటి దాంట్లో నిండా పోస్తే యాభై లీటర్ల పైచిలుకు పడతాయి, ఆరేడు జీబ్రాలు హాయిగా తిరుగుతాయి. ఒంటరిగా ఉంచితే బెదురుతాయి. మూత లేకపోతే గెంతుతాయి, పొద్దున్నే చీపురుకు తగులుతాయి.

తోడు కావాలంటే చునా, అంటే హనీ గౌరామీ జత. బెంగాలీ జాలర్లు ఖల్సే అనే కుటుంబంలోది. తల లోపల గాలి పీల్చే అర ఉంటుంది, కరెంటు పోయి బుడగల మోటారు ఆగినా పైకి వచ్చి గుటక వేసుకుంటుంది. సంతలో తడిగోనె మీద గంటల తరబడి బతికే కొర్రమీనును చూసినవాళ్లకు ఈ విద్య కొత్త కాదు. వేసవిలో ఇది మరీ పనికొస్తుంది. 20 డిగ్రీల నీటిలో లీటరుకు తొమ్మిది మిల్లీగ్రాముల దాకా ప్రాణవాయువు కరుగుతుంది, 30 డిగ్రీలకు అది ఏడున్నరకు పడిపోతుంది. జనవరిలో మాత్రం గౌరామీకి చిన్న హీటర్ పెట్టాలి, అబద్ధమెందుకు. రోజీ బార్బ్ కూడా హామిల్టన్ చేపే, చలికి గట్టిది, కానీ జీబ్రా కన్నా పెద్దగా పెరుగుతుంది. మూడడుగుల తొట్టి ఉంటేనే తెచ్చుకోండి.

గోల్డ్‌ఫిష్ వద్దనే అంటాను. చైనాలో దాన్ని చెరువుల్లో, పెద్ద కాగుల్లో పెంచి పైనుంచి చూసి మురిసేవారు. పదేళ్లు దాటి బతకాల్సిన చేప అది, గాజుగిన్నెలో వారం పది రోజులు లాగుతుంది. ‘షార్క్’ అని అమ్మే బూడిదరంగు పిల్ల ఇంకా దగా. అది మన కొల్లేరు చుట్టుపక్కల చెరువుల్లో టన్నులకొద్దీ పెంచే పంగాసియస్, ఏడాది తిరిగేసరికి కిలో తూగుతుంది. పాచి తింటుందని కొనే సక్కర్ చేప పెరిగిపోతే చెరువులో వదిలేస్తారు. అదే తర్వాత వలలు చింపుతుంది, పేపర్లు దెయ్యం చేప అని రాస్తాయి.

నాకు మింగుడుపడనిది రంగా కథ. హామిల్టన్ పేరుపెట్టిన ఈ చిన్న చేప గాజులా ఉంటుంది, ముళ్లు లెక్కపెట్టవచ్చు. 1980లు, 90లలో సూదితో దాని ఒంట్లోకి గులాబీ, పచ్చ రంగులు ఎక్కించి ‘డిస్కో’ చేపలని దేశదేశాలకు అమ్మారు. ఆ సూదిపోట్లకే చచ్చినవి బోలెడు. మిగిలినవాటి రంగు నెలల్లో వెలిసిపోతుంది.

పోయిన చలికాలం కాసిడీహ్ వెళ్లాను. పెదనాన్న లేడు. ఇనప తొట్టి పోయి, అదే కొలతకు సిలికాన్‌తో అతికించిన గాజుతొట్టి వచ్చింది. నెల క్రితమే నీళ్లు పోసి, మొక్కలు నాటి, చేపల్లేకుండా మోటారు తిప్పుతున్నాడు అన్నయ్య. రోజూ చిటికెడు మేత మాత్రం వేస్తున్నాడట, సూక్ష్మజీవుల కోసం. ఆదివారం ఇద్దరం దుకాణానికి వెళ్లాం. సరుకు హౌరా వైపు నుంచి వస్తుంది. ఆ జిల్లాలో ఇళ్ల వెనక సిమెంటు తొట్లలో వీటిని పెంచుతారు, కోల్‌కతా గాలిఫ్ స్ట్రీట్‌లో ఆదివారం సంతకెత్తుతారు. కుర్రాడు జీబ్రాల ప్యాకెట్ వెలుతురుకు ఎత్తి పట్టుకుని, ‘ఫారిన్ మాల్ సార్’ అన్నాడు హిందీలో. అన్నయ్య నా వైపు చూశాడు. ఏడు తీసుకున్నాం.

ఇంటికొచ్చి ప్యాకెట్ విప్పకుండా తొట్టి నీళ్ల మీద తేల్చాం, చల్లదనం సమానమయ్యేదాకా. దొడ్డమ్మకు చూపు మందగించింది. అద్దానికి మొహం ఆనించి చాలాసేపు చూసింది.

“ఏటర్రా ఇవి? మన మడికాలవలో పరిగిపిల్లల్లాగే ఉన్నాయి. ఈటికి డబ్బులెట్టి కొన్నారేటి?”