రెండుంబావు వేళ

చంపావతి నీళ్లను నమ్ముకున్న మా గజపతినగరం వైపు ఊళ్లలో, చదువుకున్న కుర్రాడికి ఒకప్పుడు టీచరు ఉద్యోగమో మిలట్రీయో దిక్కు. అవి దొరక్కపోతే హైదరాబాదు బండెక్కడమే. పరవాడ, పైడిభీమవరం, అచ్యుతాపురాల్లో మందుల కంపెనీలు వచ్చాక ఆ లెక్క మారింది. బీఎస్సీ కెమిస్ట్రీ పాసైతే కెమిస్టు, ఐటీఐ చదివితే ఫిట్టరు, పది తప్పినా హెల్పరు. అచ్యుతాపురమైతే వంద కిలోమీటర్లు దాటుతుంది గానీ పండక్కి ఇంటికి రావచ్చు, చెల్లి పెళ్లికి చీటీ కట్టొచ్చు. "మావోడు ఫార్మాలో చేస్తన్నాడు" అని చెప్పుకునే తల్లి గొంతులో ఎంత ధీమా ఉండేదో ఈ వైపు వాళ్లకి చెప్పక్కర్లేదు.

ఆ ధీమా 2024 ఆగస్టు 21, బుధవారం మధ్యాహ్నం కుప్పకూలింది.

అచ్యుతాపురం ఎస్‌ఈజెడ్‌లో ఎసెన్షియా అడ్వాన్స్‌డ్ సైన్సెస్ అనే కంపెనీ 2019లో ఉత్పత్తి మొదలుపెట్టింది. మందుల తయారీకి కావలసిన రసాయనాలు అక్కడ తయారవుతాయి. రెండు షిఫ్టుల్లో 381 మంది పని. ఆ రోజు రెండుంబావు ప్రాంతంలో పెద్ద పేలుడు. గోడలు ఒరిగాయి, స్లాబు విరిగిపడింది, లోపలంతా దట్టమైన పొగ. అన్నం వేళ కావడంతో చాలామంది బయట ఉన్నారు; లేకపోతే ఇంకెందరు పోయేవారో! అయినా 17 మంది తిరిగి రాలేదు. 30 మందికి పైగా గాయపడ్డారు. పోయినవాళ్లలో మన ఉత్తరాంధ్ర బిడ్డలున్నారు, గోదావరి జిల్లాల వాళ్లున్నారు. చాలామందిది చిన్న వయసు. సాయంత్రానికి గేటు ముందు, రాత్రికి ఆసుపత్రుల ముందు అయినవాళ్ల ఏడుపులు. ఫోను మోగుతున్నా ఎత్తడం లేదని ఒకరు, అసలు కలవడమే లేదని ఒకరు.

ఏం జరిగిందో తొలి విచారణలో అధికారులు చెప్పారు. మిథైల్ టెర్షరీ బ్యూటైల్ ఈథర్ అనే సాల్వెంటును (ద్రావకాన్ని) ఒక అంతస్తు నుంచి మరో అంతస్తుకు పైపులో పంపుతుండగా లీకైంది. ఆవిరి కమ్ముకుంది. కరెంటు పరికరాల దగ్గర నిప్పురవ్వ తగిలింది. అంతే.

"అంతే" అన్నానుగానీ ఆ సాల్వెంటు గుణం తెలిస్తే ఒళ్లు జలదరిస్తుంది. నీళ్లు వంద డిగ్రీల దగ్గర మరిగితే ఇది 55 డిగ్రీలకే మరుగుతుంది. సున్నాకు పాతిక డిగ్రీలు దిగువన ఉన్నా అంటుకునేంత ఆవిరిని వదులుతూనే ఉంటుంది. మన ఆగస్టు ఉక్కలో దాని సంగతి చెప్పేదేముంది? ఆ ఆవిరి గాలి కంటే మూడు రెట్లు బరువు. పైకి పోదు, నేల బారున పాకుతుంది, మెట్లు దిగుతుంది, కాలవల్లోకి చేరుతుంది, కంటికి కనబడదు. పైపు అతుకు (ఫ్లాంజ్) దగ్గర గ్యాస్కెట్ అరిగి ఒక్కో చుక్క కారుతుంటే చూసేవాడికి అది మామూలు తడి. కింద బకెట్ పెట్టి, గుడ్డ చుట్టి, ఈ బ్యాచ్ అయ్యాక చూద్దామనుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. చెయ్యాల్సింది వేరు. వెంటనే పంపు ఆపాలి, వాల్వు కట్టాలి, ఆవిరి ఉన్నచోట ఏ స్విచ్చూ ముట్టుకోకూడదు, సైరన్ మోగించి అందరినీ గాలికి ఎదురుగా నడిపించి అసెంబ్లీ పాయింటుకు చేర్చాలి. సాల్వెంటు తిరిగేచోట మోటార్లు, లైట్లు, ప్యానెళ్లు ఫ్లేమ్‌ప్రూఫ్ రకానివి ఉండాలి. ఆవిరిని పసిగట్టి మోగే డిటెక్టరు పనిచేస్తూ ఉండాలి. ఇవేవీ కొత్త సంగతులు కావు. సేఫ్టీ శిక్షణలో మొదటి రోజు చెప్పే పాఠాలు.

ఆ ప్రమాదం నాటికి చట్టమూ ఉంది. 1948 ఫ్యాక్టరీల చట్టంలో 37, 38 సెక్షన్లు మండే ఆవిరుల గురించి, నిప్పు జాగ్రత్తల గురించే రాశారు. భోపాల్ గ్యాస్ దుర్ఘటన తర్వాత 1987లో సవరించినప్పుడు 41-హెచ్ చేర్చారు. అప్పటి ఆ సెక్షన్ ప్రకారం, ప్రమాదం ముంచుకొస్తోందని అనుమానం వస్తే కార్మికుడు యాజమాన్యానికి చెప్పవచ్చు, ఇన్‌స్పెక్టరుకూ చెప్పవచ్చు. వెంటనే సరిదిద్దడం మేనేజరు బాధ్యత. ఎంత మంచి మాట! కానీ కాంట్రాక్టరు కింద రోజుకూలికి చేరిన హెల్పరు "సార్, ఇక్కడ లీకవుతంది, పని ఆపుదాం" అంటే రేపు గేటులోకి రానిస్తారా? ఆ భయం పోగొట్టనంతకాలం ఏ సెక్షన్ ఉన్నా లేనట్టే అని నా నమ్మకం.

విశాఖ ప్రాంతానికి అచ్యుతాపురం పేలుడు తొలి దెబ్బ కూడా కాదు. 1997 సెప్టెంబరు 14, ఆదివారం తెల్లవారుతుండగా హెచ్‌పీసీఎల్ రిఫైనరీలో వంటగ్యాస్ లీకై అంటుకుని 60 మంది దాకా చనిపోయారు. 2013 ఆగస్టు 23న అదే ప్రాంగణంలో కూలింగ్ టవర్ దగ్గర మంటలు మరో 20 మందికి పైగా ప్రాణాలు తీశాయి. అచ్యుతాపురం తర్వాతా ఆగలేదు. 2025 ఏప్రిల్ 13న అనకాపల్లి జిల్లా కైలాసపట్నంలో బాణసంచా కేంద్రం పేలి ఎనిమిది మంది పోయారు. మర్నాడే అగ్నిమాపక వారోత్సవాలు మొదలు. 1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవులో మంటలార్పుతూ అమరులైన 66 మంది సిబ్బందిని తలచుకునే రోజది.

ఎసెన్షియాలో పోయినవాళ్ల కుటుంబాలకు కోటి రూపాయల చొప్పున పరిహారం ప్రకటించారు. ఇవ్వాల్సిందే, ఇంకా ఇచ్చినా తప్పులేదు. కానీ ఎదిగిన కొడుకును సాగనంపిన ఇంట్లో ఆ డబ్బుతో ఏం కొనుక్కుంటారు? డాబా వేసుకుంటారా? ఏ గదిలో ఎవరు పడుకుంటారు?

మా వైపు తల్లిదండ్రులకు నాదొక విన్నపం. పైడితల్లి సిరిమాను పండక్కో సంక్రాంతికో పిల్లడు ఇంటికొచ్చినప్పుడు, జీతమెంత పెరిగిందని అడిగాక ఇంకో రెండు మాటలు అడగండి. నువ్వు పనిచేసే అంతస్తు నుంచి బయటపడడానికి ఎన్ని దారులున్నాయి, వాటికి తాళాలుంటాయా? మొన్నటి మాక్ డ్రిల్లులో బయటికి రావడానికి ఎన్ని నిమిషాలు పట్టింది? వాడికి తెలియకపోతే, డ్యూటీకి వెళ్లిన మొదటి రోజే సేఫ్టీ ఆఫీసరును అడిగి, ఆ సాయంత్రమే మీకు ఫోను చేసి చెప్పమనండి.