బేకరీ తయారీలో వెన్నకు బదులు కొబ్బరి నూనె: కొలతలు, జాగ్రత్తలు

కాకినాడ పక్కనే కోనసీమ కొబ్బరి తోటలు, అంబాజీపేట కొబ్బరి మార్కెట్ ఉన్నాయి. అయినా ఈ ప్రాంతంలో కొబ్బరి నూనెను ఎక్కువ మంది తలకు రాసుకోవడానికే వాడతారు. కాయ ధర పడిపోయినప్పుడు కొంత సరుకును నూనెగా, ఆ నూనెను బిస్కెట్లు, కేకులుగా మార్చి అమ్మాలని కొందరు రైతులు, స్వయం సహాయక సంఘాల మహిళలు ఆలోచిస్తుంటారు. వెన్న ఎంత వేస్తారో నూనె అంతే పోస్తే మొదటి వాయే పాడవుతుంది. ముందు ఈ కింది విషయాలు తెలుసుకోండి.

తూకం ఎందుకు మారుతుంది?

మార్కెట్లో దొరికే వెన్నలో సుమారు 80 శాతం కొవ్వు ఉంటుంది, మిగిలినదాంట్లో ఎక్కువ భాగం నీరే. కొబ్బరి నూనె మొత్తం కొవ్వే. అందువల్ల సమానంగా వేస్తే బిస్కెట్ జిడ్డుగా తయారై, ట్రేలో పరుచుకుపోతుంది.

• 100 గ్రాముల వెన్నకు బదులు 80 గ్రాముల కొబ్బరి నూనె, 15 నుంచి 20 మి.లీ. పాలు లేదా నీళ్లు వాడాలి.
• 80 గ్రాముల నూనె అంటే సుమారు 87 మి.లీ. గ్లాసు కొలత కంటే కాటా తూకం మేలు.
• ఉప్పు వెన్నకు బదులు వాడుతుంటే చిటికెడు ఉప్పు అదనంగా వేయాలి.
• ఇంట్లో చిలికిన వెన్నలో నీరు ఇంకా ఎక్కువ. ఆ లెక్కతో చేసే వంటకానికి నూనె మరికొంత తగ్గించి, కొద్ది పిండితో ముందుగా పరీక్షించాలి.

ఏ నూనె ఎంచుకోవాలి?

తలనూనెగా అమ్మే సీసాలను వంటకు వాడకూడదు. వాటిలో సువాసన ద్రవ్యాలు, ఇతర నూనెలు కలిసి ఉండవచ్చు. లేబుల్‌పై వంటనూనె అని, ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ లైసెన్సు నంబరు ఉన్నదే తీసుకోవాలి.

గానుగ నూనె, పచ్చి కొబ్బరి నుంచి తీసే వర్జిన్ నూనె కొబ్బరి వాసన ఇస్తాయి. కొబ్బరి బిస్కెట్లకు అవి బాగుంటాయి. వాసన వద్దనుకుంటే రిఫైన్డ్ కొబ్బరి నూనె వాడాలి.

సొంత కాయతో నూనె ఆడించేవారు ఎండు కొబ్బరిలో తేమ 6 శాతానికి మించకుండా చూసుకోవాలి. బూజు పట్టిన ముక్కలను ఏరి పారేయాలి. గంధకం పొగ పెట్టిన కొబ్బరి వాడకూడదు. నూనెలో తేమ ఉంటే త్వరగా సబ్బు రుచి వస్తుంది. ఆ నూనెతో చేసిన సరుకంతా వృథా అవుతుంది.

కోస్తా వేడిలో జాగ్రత్తలు

కొబ్బరి నూనె సుమారు 24 డిగ్రీల వద్ద కరుగుతుంది. కాకినాడలో ఏడాదిలో చాలా రోజులు ఇది ద్రవంగానే ఉంటుంది.

• బిస్కెట్లకు: నూనెను ఫ్రిజ్‌లో ఉంచి, మెత్తగా పేరుకున్నాక పంచదార పొడితో కలపాలి. బిస్కెట్లు ఒత్తాక ట్రేను 20 నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టి కాల్చితే ఆకారం చెడదు.
• కేకులకు: నూనెను ద్రవంగానే వాడవచ్చు. అయితే ఫ్రిజ్‌లోంచి తీసిన పాలు, గుడ్లు వెంటనే కలిపితే నూనె గడ్డకట్టి పలుకులు పలుకులుగా మిగిలిపోతుంది. వాటి చల్లదనం పోయాకే కలపాలి.
• పఫ్‌లకు: ఇది సరిపడదు. చల్లబడితే పెళుసుగా విరుగుతుంది, చేతి వేడికి కరుగుతుంది. అందువల్ల పొరలు నిలవవు.

కొబ్బరి బిస్కెట్లు (సుమారు 30)

మైదా 200 గ్రా., పంచదార పొడి 100 గ్రా., కొబ్బరి నూనె 100 గ్రా., ఎండు కొబ్బరి పొడి 30 గ్రా., బేకింగ్ పౌడర్ అర టీస్పూను, ఉప్పు చిటికెడు, పాలు 25 మి.లీ.

పేరుకున్న నూనె, పంచదార పొడి కలిపి, మిగిలిన పొడి సరుకులు జల్లించి వేయాలి. పాలు కొద్దికొద్దిగా పోస్తూ ముద్ద చేయాలి. పూరీ పిండిలా మర్దించకూడదు. మర్దిస్తే బిస్కెట్లు గట్టిపడతాయి. 165 డిగ్రీల వద్ద 15 నుంచి 18 నిమిషాలు కాల్చి, పూర్తిగా చల్లారాకే డబ్బాలో పెట్టాలి. ఓవెన్ లేనివారు సరుకు ఇస్తే బిస్కెట్లు చేసిచ్చే బేకరీకి ఈ కొలతలు చెప్పి, మొదట కిలో పిండితో చేయించుకోవచ్చు.

ఆరోగ్యం విషయంలో

పాలు పడనివారికి ఇది ఉపయోగం. వారికోసం చేసేటప్పుడు పాలకు బదులు నీళ్లు లేదా కొబ్బరి పాలు పోయాలి. అయితే గుండెకు మంచిదని ప్రచారం చేయకండి. కొబ్బరి నూనెలో సుమారు 90 శాతం సంతృప్త కొవ్వే. వెన్నలో ఇది సుమారు 50 శాతం. గుండె జబ్బు, కొలెస్ట్రాల్ ఉన్నవారు మితంగానే తినాలి.

అమ్మాలనుకునేవారికి

• చిన్న స్థాయిలో చేసినా ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రిజిస్ట్రేషన్ తీసుకోవాలి.
• కొబ్బరి నూనెతో చేసినవాటిని బటర్ బిస్కెట్లు అని అమ్మకూడదు. వాడిన నూనె పేరు లేబుల్‌పై రాయాలి.
• మొదటి వాయలో కొన్ని ప్యాకెట్లు పక్కన పెట్టి, వారానికి ఒకటి విప్పి వాసన, రుచి చూడాలి. తేడా వచ్చిన వారానికి బాగా ముందుగానే గడువు తేదీ పెట్టుకోవాలి.
• ఖర్చు లెక్కలో సొంత కాయనూ మార్కెట్ ధరకే రాసుకోవాలి. ఉచితమనుకుంటే లాభం ఉన్నట్లే కనిపించి చివరకు నష్టం తేలుతుంది.

కొబ్బరి విలువ ఆధారిత ఉత్పత్తులపై సలహా, శిక్షణ వివరాలకు అంబాజీపేటలోని ఉద్యాన పరిశోధన స్థానాన్ని, కొబ్బరి అభివృద్ధి బోర్డును లేదా మీ దగ్గరి కృషి విజ్ఞాన కేంద్రాన్ని సంప్రదించండి.