వెన్నుపామును నల్లగొండ నీరును

పుఱ్ఱెయు వెన్నెముకయు లోనున్నదానిని గాచు కోట లని బడులలో జెప్పుదుము. ఆ కోటయే లోనున్నదానిని నొక్కిన చరిత్ర మా మరిపెడకు పొరుగుననున్న పాత నల్లగొండ మండలమునందు గలదు.

మెదడును వెన్నుపామును నొకే ద్రవమునందు దేలుచుండును. అది సుమారు 150 మిల్లీలీటర్లు. దినమునకు 500 దాక క్రొత్తది యూరుచు, పాతది రక్తమున గలియుచుండును. సుమారు 45 సెంటీమీటర్ల వెన్నుపామునకు ముందొక ధమనియు వెనుక రెండును నెత్తురు నిచ్చును. చుట్టునున్న చోటు మిక్కిలి స్వల్పము.

ఫ్లోరైడు మెండుగాగల బావినీ రేండ్లతరబడి త్రాగినచో వెన్నుపూసలు దళమెక్కును. వానిని బంధించు నరములవంటి పట్టీలు సైత మెముకలగును. ద్రవమునకు ద్రోవ తగ్గి, వెన్నుపాము నలుగును. మొదట నడుము వంగదు. పిమ్మట కాళ్లు బిగిసి నడక పోవును. శస్త్రచికిత్సవలన గొందఱికి మాత్రమే మేలు కలుగును.

1937లో షార్టు, పండిట్, రాఘవాచారి గారలు నెల్లూరు మండలమున నీ వ్యాధిని వర్ణించిరి. 1955లో సిద్దిఖీగారు నల్లగొండ రోగులనుగూర్చి బ్రిటిషు వైద్యపత్రికలో వ్రాసిరి. దీనిని పూర్వజన్మపాప మనుటకంటె బావినీటిని బరీక్షించుట సులభము గదా! 1970 దశకమున నాగపూరు పరిశోధకులు పటికయు సున్నమును గలిపి నీటిని శుద్ధిచేయు పద్ధతికి నల్లగొండ పేరే పెట్టిరి. ఇంటింటికి నదీజలము నిచ్చు మిషన్ భగీరథ 2016లో నారంభమయ్యెను. 1937 నుండి లెక్కింప 79 ఏండ్లు. ఈ నడుమ బాల్యమున నా నీరు త్రాగి బిగిసిన వెన్ను, క్రొత్తనీరు వచ్చినను మరల వంగదు.