కుక్క బొమ్మ ప్లేటు

నేను పుట్టింది, పెరిగింది జెర్సీ సిటీలోనే. తెలుగు వినటం ఇంట్లో వచ్చింది, చదవటం మాత్రం నాకు నేనే నేర్చుకుంటున్నాను. తప్పులు కనిపిస్తే చెప్పండి.

పోయిన నెల పాత్ రైల్లో నూవర్క్ దాకా వెళ్ళి, అక్కడ బస్సెక్కి వెస్ట్ ఆరెంజ్‌లో ఎడిసన్ ప్రయోగశాల చూసొచ్చాను. ఆయన ఫోనోగ్రాఫు కనిపెట్టింది 1877లో. అక్కడున్న మైనపు గొట్టాల ఫోటో అమ్మమ్మకి పంపించాను. "ఇది కాదు నాన్నా, తెనాలిలో మా ఇంట్లో ఉన్నవి కుక్క బొమ్మ ప్లేట్లు" అంది.

ఎడిసన్ ఊరికి అంత దగ్గరగా ఉండి కూడా ఆ ప్లేటు సంగతి నాకు తెలియదు. ప్లేటు పాడే పద్ధతి ఎమిల్ బెర్లినర్‌ది. దాని యంత్రాన్ని బాగుచేసిన ఎల్డ్రిడ్జ్ జాన్సన్‌ది మా న్యూజెర్సీలోని కామ్డెన్. 1901లో విక్టర్ కంపెనీ పెట్టాడు. కానీ ఇండియాలో అమ్మే హక్కు విక్టర్‌ది కాదు, లండన్‌లోని గ్రామఫోన్ కంపెనీది. ఇద్దరూ లోకాన్ని వాటాలు వేసుకున్నారు. కుక్క బొమ్మ మాత్రం ఇద్దరికీ ఒకటే!

లండన్ వాళ్ళు 1901లో జాన్ వాట్సన్ హాడ్ అనే ఏజెంటుని కలకత్తా పంపారు. ఇంగ్లీషు పాటలైతే అక్కడున్న ఇంగ్లీషు వాళ్ళే కొంటారు. వాళ్ళెంతమంది? మిగతా జనం కొనాలంటే వాళ్ళ పాటే కావాలి. అందుకని 1902లో ఫ్రెడ్ గైస్‌బర్గ్ రికార్డింగు సామాను వేసుకుని ఓడెక్కాడు. అక్కడి దొరలకి మన సంగీతం గురించి ఏమీ తెలియదని తర్వాత తన పుస్తకంలో రాసుకున్నాడు. ఊరి వాళ్ళ సాయం లేకపోతే ఎవరు బాగా పాడతారో కూడా ఆయనకి తెలిసేది కాదు.

ఆ నవంబరులో గౌహర్ జాన్ పాడింది. పాట చివర తన పేరు ఇంగ్లీషులో గట్టిగా చెప్పేది. ఎందుకో తెలుసా? మైనపు అచ్చులు జర్మనీలోని హానోవర్‌కి వెళ్ళేవి. అక్కడి పనివాళ్ళకి భాష రాదు కదా, ఏ ప్లేటు మీద ఎవరి పేరు వెయ్యాలో అలా తెలిసేది.

ప్లేటు చేసేది దేనితో అని చూస్తే ఇంకో ఆశ్చర్యం. లక్క! అవును, అమ్మమ్మ చెప్పిన పాండవుల కథలో లక్క ఇల్లు ఉంది చూడండి, అదే లక్క. ఇండియా నుంచి లక్క ఓడలో యూరప్‌కి వెళ్ళేది, పాట నింపుకుని ప్లేటుగా తిరిగొచ్చేది. ఇంత తిరుగుడు ఖర్చే కదా. 1908లో కలకత్తా సియాల్దాలో ఫ్యాక్టరీ పెట్టాక ప్లేట్లు అక్కడే తయారయ్యాయి.

మరి తెలుగు? రికార్డింగు వాళ్ళు మద్రాసుకీ వచ్చారు. అక్కడి కచేరీల్లో త్యాగరాజ కృతులు లేకుండా ఎలా? అవేమో తెలుగు. పాడేవాళ్ళలో చాలామంది ఇంట్లో మాట్లాడేది తమిళమో కన్నడమో. అలా పాడిన వాళ్ళలో బెంగళూరు నాగరత్నమ్మ ఒకరు. ఆవిడ ఇంటి భాష కన్నడం. అయినా 1910లో ముద్దుపళని రాసిన రాధికా సాంత్వనము అనే తెలుగు కావ్యాన్ని పరిష్కరించి అచ్చు వేయించింది. ఇది చదివి నేను కాసేపు పుస్తకం మూసేశాను. తెలుగు నేర్చుకుని ఆవిడ ఎంత దూరం వెళ్ళింది! నేనింకా ళ, ల దగ్గరే ఉన్నాను.

తర్వాత ఒడియన్ లాంటి జర్మన్ పేర్లూ వచ్చాయి. మద్రాసులో ఒడియన్ ప్లేట్ల వ్యాపారం చూసుకున్నది సరస్వతి స్టోర్స్. ఏ పాట అమ్ముడుపోతుందో బెర్లిన్‌లో కూర్చున్న వాళ్ళకన్నా మౌంట్ రోడ్డు కొట్టువాళ్ళకే బాగా తెలుసు. ఎడిసన్ అలా కాదు. చెవులు సరిగా వినపడకపోయినా పాటల్నీ గొంతుల్నీ తనే ఎంచేవాడు. ఆయన కంపెనీ 1929లో రికార్డుల వ్యాపారం మూసేసింది.

నిన్న రాత్రి ఫోనులో అమ్మమ్మకి ఒక పాత మద్రాసు రికార్డు వినిపించాను. గరగరల మధ్య ఒక ఆడ గొంతు, త్యాగరాజ కృతి. అమ్మమ్మ చివరి దాకా విని, "పలుకు మనవైపుది కాదు. ఇంకోసారి పెట్టు నాన్నా" అంది.