పందెపుబాటను పరచిన కరివర్ధన్

కోయంబత్తూరు పట్టణమునకు దక్షిణముగా చెట్టిపాళెమను గ్రామము కలదు. దాని పొలిమేరలో, రెండు కిలోమీటర్లకు కొంచెము మించిన నిడివితో, మెలికలు తిరిగిన తారుబాట యొకటి కనిపించును. ఆ బాట పట్టుకొని ఏ యూరికిని పోవుటకు వీలులేదు. బయలుదేరిన చోటికే తిరిగి వచ్చి చేరవలసియుండును. కార్లును, మోటారు సైకిళ్ళును పందెములు పరుగెత్తుటకై వేసిన యీ బాటకు కరి మోటార్ స్పీడ్‌వే అని పేరు. ‘కరి’ యనగా ఇచ్చట ఏనుగని భ్రమపడరాదు. 1954లో జన్మించి, 1995లో అకాలమరణము నొందిన సుందరం కరివర్ధన్ అను నాతని పేరులోని మొదటి రెండక్షరములవి. ఆయన తెలుగు కుటుంబమున పుట్టినవాడు. అయినను తెలుగునాట ఆయన పేరు విన్నవారు బహు అరుదు. దూరపు బంధువుల క్షేమసమాచారము పెండ్లిండ్లలో గాని తెలియనట్లు, పొరుగు రాష్ట్రములలో నిలిచిపోయిన తెలుగువారి సంగతులు మనకు ఆలస్యముగా చేరుచుండును.

కొంగునాట తెలుగువారి నివాసము నిన్న మొన్నటిది కాదు. విజయనగర చక్రవర్తుల కాలమునను, అటుపిమ్మట మధుర నాయకుల కాలమునను దక్షిణమునకు తరలిన కుటుంబములు పెక్కు అచ్చటి నల్లరేగడి నేలలలో నిలదొక్కుకొని, ప్రత్తి పండించి, ఇంట తెలుగును వీధిలో తమిళమును మాటలాడుచు వచ్చినవి. వీరిలో అనేకులకు తెలుగు మాట వచ్చును గాని తెలుగు అక్షరము రాదు. ఉద్యోగరీత్యా స్వస్థలము విడిచి పుదుచ్చేరిలో కాపురముండి, ఆదివారములందు పిల్లలచే ఓనమాలు దిద్దించు తల్లిదండ్రులకు ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు.

ఆ ప్రత్తి చేలనుండియే మిల్లులు పుట్టినవి. 1910లో జి. కుప్పుస్వామి నాయుడు లక్ష్మీ మిల్లులను స్థాపించెను. 1932లో నీలగిరులనుండి పైకారా జలవిద్యుత్తు దిగివచ్చిన పిమ్మట కోయంబత్తూరు చుట్టును మిల్లు ప్రక్కన మిల్లు లేచినది. కదురు తిరుగుచోట దానిని బాగుచేయు కార్ఖానా ఉండక తప్పదు గదా! పోతపని, తరిణపని, పంపుల తయారి, మోటార్ల తయారి ఒకదాని వెంట ఒకటి వచ్చినవి. 1920లో పొళ్ళాచ్చి, పళని పట్టణముల నడుమ ఒకే ఒక బస్సును తానే నడుపుచు ప్రారంభించి, తరువాత గొప్ప రవాణా సంస్థకును అనేక యంత్రములకును కర్తయైన జి. డి. నాయుడు ఈ వాతావరణపు బిడ్డయే. తట్టాంచావడి పారిశ్రామికవాడ ప్రక్కగా పోవునపుడు వినవచ్చు లేత్ యంత్రముల రొద యెరిగినవారు, ఊరు ఊరంతయు అట్టి రొదతో నిండియున్నట్లు ఊహించుకొన్నచో నాటి కోయంబత్తూరు కొంతవరకు కన్నులకు కట్టును. కరివర్ధన్ లక్ష్మీ మిల్లుల కుటుంబమువాడు. ఆయనకు కలిమియు, ఇనుమును రెండును పుట్టుకతోనే పరిచితములు.

ఇచ్చట స్పీడ్‌వే అను మాటను గూర్చి కొంచెము చెప్పవలసియున్నది. విదేశములలో ఈ మాటకు ప్రత్యేకార్థము కలదు. అండాకారపు మట్టిబాటపై, బ్రేకులు లేని మోటారు సైకిళ్ళనెక్కి నలుగురు నాలుగేసి చుట్లు తిరుగు పందెమునకు ఆ పేరు. ఆస్ట్రేలియాలోని వెస్ట్ మెయిట్‌లాండ్ పట్టణమున ఒక వ్యవసాయ ప్రదర్శన సంఘమునకు కార్యదర్శిగానున్న జానీ హాస్కిన్స్, జనమును రప్పించుటకై, 1923 డిసెంబరు 15వ తేదీ రాత్రి విద్యుద్దీపముల వెలుగున మోటారు సైకిళ్ళ పందెమునొకటి జరిపించెను. దానిని ఈ క్రీడకు పునాదిగా పలువురు చెప్పుదురు. 1928 నాటికి ఈ వేడుక ఇంగ్లండునకు ప్రాకినది. హాస్కిన్సును అచ్చటికే పోయి తన శేషజీవితమును పందెముల నిర్వహణయందే వెచ్చించెను. ఇట్టి నిర్వాహకుని వారు ప్రమోటరు అందురు. మన పద్యనాటకములకు కంట్రాక్టరు ఎట్టివాడో పందెములకు ప్రమోటరు అట్టివాడు. పాత్రధారులను కూర్చవలెను, పందిరి వేయించవలెను, టిక్కెట్లు అమ్మించవలెను, వాన కురిసినచో నష్టము తానే భరింపవలెను. చప్పట్లు మాత్రము కిరీటము పెట్టుకొన్నవానికే పోవును. కోయంబత్తూరు బాట ఆ మట్టిబాటల జాతికి చెందినది కాదు; పేరు మాత్రము కలిసినది. కాని నిర్వాహకుని ధర్మము రెండుచోట్లను ఒకటియే.

మనదేశమున కార్ల పందెములు విమానపు బాటలపై పెరిగినవి. మదరాసునుండి నెల్లూరు పోవు పెద్దబాటమీద రెడ్‌హిల్స్ దాటిన పిమ్మట షోళవరము వచ్చును. రెండవ ప్రపంచయుద్ధ కాలమున అచ్చట విమానములు దిగుటకై వేసిన బాటలు యుద్ధము ముగిసిన తరువాత ఊరక పడియుండెను. 1953లో ఏర్పడిన మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్బు వాటిని పందెముల కుపయోగించుకొన్నది. కలకత్తావారికి బారక్‌పూరు, బొంబాయివారికి జుహూ విమానక్షేత్రము ఎట్లో, దక్షిణాదివారికి షోళవరమట్లు. ఏటేట జరుగు ఆ పందెములకు జనము తిరునాళ్ళకు వచ్చినట్లు వచ్చెడివారు.

వచ్చి చూచినవారు వేలు, నడిపినవారు కొందరు. ఆ కొందరెవరో గ్రహించుట కష్టము కాదు. 1957 నాటి విదేశీమారక సంకటము తరువాత దిగుమతి లైసెన్సు సంపాదించుటయే ఒక పందెముగా మారిన దేశమిది. ఇచ్చట తయారగు కార్లు అంబాసిడరు, ఫియట్, స్టాండర్డ్ హెరాల్డు అని వ్రేళ్ళమీద లెక్కించదగినవే. సంసారమును సాగించుటకు చేసిన ఆ బండ్లనే ఊడదీసి, బరువు తగ్గించి, ఇంజనును సానబట్టి సామాన్యులు పందెమునకు దించెడివారు. వారికి భిన్నముగా, గోండల్ రాజకుటుంబీకుడు విదేశపు పందెపుకారును తెప్పించెను; 1980ల ఆరంభమున మద్యవ్యాపార కుటుంబమునకు చెందిన విజయ్ మాల్యా ఎన్‌సైన్ అను ఫార్ములా వన్ కారునే తెచ్చి షోళవరమున నడిపెను. అట్టి కారును చూచుట కన్నులపండువగ నుండెననుటకు సందేహము లేదు. కాని ఒకని చేతిలో వజ్రాయుధము, మరియొకని చేతిలో దుడ్డుకఱ్ఱ ఉన్నపుడు జరుగునది ప్రదర్శనమగును గాని పందెము కానేరదు. నడుపువాని నేర్పు ఎంత, కొనినవాని సొమ్ము ఎంత అని వేరుచేసి చూచుటకు అందు వీలులేదు.

కరివర్ధన్ ధనికుల బిడ్డయే. షోళవరమున తానును కారు నడిపినవాడే. మరియొక విదేశపు కారు తెప్పించి మాల్యాను మించవలెనని ఆయన తలచియున్నచో అడ్డుపడువారెవరును లేరు. ఆయన త్రొక్కినదారి వేరు. కోయంబత్తూరు కార్ఖానాలలో అలవడిన పనితనముతో, ఈ దేశమున దొరకు భాగములతోనే పందెపుకారు నిర్మించుటకు పూనుకొనెను. అట్టి పూనికకు కాలమును కలిసివచ్చినది. 1983 డిసెంబరులో మారుతి 800 కారు బజారులోనికి వచ్చెను. మూడు సిలిండర్లు, 796 సి.సి. గల దాని చిన్న ఇంజను తేలికయైనది, మరమ్మతునకు లొంగునది. పైగా కొద్ది యేండ్లలోనే దాని విడిభాగములు ప్రతి పట్టణపు బజారునను దొరకసాగినవి. 1988 ప్రాంతమున కరివర్ధన్ ఆ ఇంజనును తీసి, ఒక్కడే కూర్చుండుటకు వీలైన సన్నని కారున, నడుపువాని వీపు వెనుక అమర్చెను. చక్రములు బయటికే కనబడుచుండును; పైకప్పు లేదు. దీనిని ఫార్ములా మారుతి యనిరి.

ఈ కారు ప్రపంచమునకు గొప్పది కాదు. ఐరోపా పందెపుకార్ల ముందు అది బొమ్మబండివంటిది. దాని గొప్పతనము వేగమున గాక సమానత్వమున నున్నది. పందెమున దిగినవారందరును ఒకే ఇంజను, ఒకే తీరు కారు నడుపవలసియుండుటచే, ముందు వచ్చినవాడు మలుపును బాగుగా తిప్పినవాడనియే అర్థము. విరిగిన భాగముకొరకు లండను పార్సెలుకై నెలల తరబడి ఎదురుచూడవలసిన పనిలేదు. మోటారు విడిభాగముల దుకాణమునకు పోయిన చాలును. గుమాస్తా జీతముతో ఈ క్రీడ ఆడవచ్చునని చెప్పుట మాత్రము సత్యదూరమగును. టైర్లు, పెట్రోలు, మెకానిక్కు, ప్రయాణము ఇవన్నియు ఖర్చులే. నేటికిని ఇది కలిగినవారి క్రీడ యనుటలో అబద్ధము లేదు. కాని రాజులకు, మద్యపు కంపెనీల యజమానులకు పరిమితమైన పందెము, చిన్న కార్ఖానాదారుని కుమారునికిని, బస్సు యజమాని మేనల్లునికిని అందుబాటులోనికి వచ్చుట చిన్న మార్పు కాదు. తలుపు పూర్తిగా తెరువబడలేదు. గడియ మాత్రము ఊడినది.

ఇంతలో పందెములు షోళవరమును వీడినవి. మద్రాస్ క్లబ్బువారు శ్రీపెరుంబుదూరు సమీపమున ఇరుంగాట్టుకోట్టై యను చోట సొంత భూమిలో సుమారు 3.7 కిలోమీటర్ల నిడివిగల బాటను వేయించి 1990లో ప్రారంభించిరి. పుదుచ్చేరినుండి తిండివనము, చెంగల్పట్టుల మీదుగా పోయినచో అది సుమారు 150 కిలోమీటర్ల దూరము. విమానములకై వేసిన తిన్నని బాటపై ఇంజనుదే పైచేయి. మలుపులు గల బాటపై మనిషి బుద్ధికి పనియుండును. చిన్న ఇంజను గల ఫార్ములా మారుతికి ఈ క్రొత్త బాట చక్కగా నమరినది.

ఆ బాటమీద, ఆ కారులోనే, కోయంబత్తూరు బాలుడొకడు పందెమున అడుగుపెట్టెను. అతడు 1977లో జన్మించిన నారాయణ్ కార్తికేయన్. తండ్రి జి. ఆర్. కార్తికేయన్ దక్షిణ భారత ర్యాలీని పలుమార్లు గెలిచిన వాడగుటచే ఇంట పెట్రోలు వాసన క్రొత్తది కాదు. 1992లో ఫ్రాన్సుదేశపు పందెపు పాఠశాలలో శిక్షణము పొంది వచ్చి, 1993లో మరల ఫార్ములా మారుతి నడిపి, ఆ యేడే ఇంగ్లండు పందెములకును పోయెను.

1995 ఆగస్టులో కరివర్ధన్ నడుపుచున్న అతి తేలికయగు చిన్న విమానము కూలి, ఆయన మరణించెను. అప్పటికి ఆయన వయస్సు నలువది దాటి యొక యేడు. వేగమును ప్రేమించువారి విషయమున ఇట్టి వార్త విన్నపుడు, ‘కోరి తెచ్చుకొన్నది’ అనుట లోకమునకు అలవాటు. ఆ మాట అనుట తేలిక. పందెపుబాటలపై ఇన్ని యేండ్లు ఇతరుల ప్రాణములను, తన ప్రాణమును కాపాడుకొని వచ్చినవానిని ఆకాశము కబళించుట విధివైపరీత్యమనక తప్పదు.

నిర్వాహకుడు పోయిన పిమ్మట నాటకసమాజము చెదరిపోవుట మనము తరచు చూచునదే. ఇచ్చట అట్లు జరుగలేదు. ఫార్ములా మారుతి పందెములు కొనసాగినవి. 2000లో మదరాసు యువకుడు కరుణ్ చంధోక్ అందు పది పందెములకు ఏడింటిని గెలిచి తన జైత్రయాత్రను ప్రారంభించెను. కరివర్ధన్ సహచరుడును, కోయంబత్తూరు పారిశ్రామికుడును అయిన బి. విజయకుమార్ చెట్టిపాళెమున బాట వేయించి దానికి మిత్రుని పేరు పెట్టెను. 2003 నాటికి అందు పందెములు మొదలైనవి.

2005 మార్చి 6వ తేదీన ఆస్ట్రేలియాలోని మెల్బోర్నులో నారాయణ్ కార్తికేయన్ జోర్డాన్ జట్టు కారులో ఫార్ములా వన్ పందెమునకు దిగెను. అట్లు దిగిన మొదటి భారతీయుడతడే. అదే సంవత్సరము జూను 19న అమెరికాలోని ఇండియానాపొలిసులో నాలుగవ స్థానము పొంది అయిదు పాయింట్లు సంపాదించెను. నాడు టైర్ల వివాదముచే పదునాలుగు కార్లు వైదొలగగా ఆరు మాత్రమే పరుగెత్తిన మాట నిజము. దానిని దాచవలసిన పనిలేదు. మిగిలిన ఆరింటిలో ఒకటి భారతీయునిదగుట కూడ నిజమే. రెండవవాడుగా 2010లో కరుణ్ చంధోక్ ఆ పందెములలో ప్రవేశించెను. మనదేశమునుండి ఆ మెట్టెక్కిన యీ ఇరువురును మారుతి ఇంజను గల ఆ చిన్న కారునుండియే ఎక్కిరి. నిర్మించినవాడు ఇద్దరిలో ఒక్కరి నైనను అచ్చట చూడలేదు.

చెట్టిపాళెపు బాటపై తరువాతి తరముల కుర్రవాండ్రకు ఫార్ములా ఎల్.జి.బి. అను కార్లు వచ్చినవి. 800 స్థానమున 1300 సి.సి. ఇంజను చేరినది. అదియును మారుతి కారుదే. ఇప్పటికిని విడిభాగము కావలసినచో బజారునకు పోయి తెచ్చుకొనవచ్చును.