ఊరి వడ్రంగి చేసిన తొలి కెమెరాలు

1835 వేసవి. ఇంగ్లండ్‌లోని విల్ట్‌షైర్ ప్రాంతంలో లాకాక్ అనే చిన్న ఊరు. ఆ ఊరి జమీందారు విలియం హెన్రీ ఫాక్స్ టాల్బట్ ఎండ బాగా కాసే వేళ చూసి తన బంగళా చుట్టూ బుల్లి చెక్కపెట్టెలు పెట్టేవాడు. ఒక్కోటి రెండు మూడు అంగుళాలు ఉంటుంది, అంతే. అరగంట ఆగి వాటిని ఏరుకొచ్చి తెరిస్తే, లోపలి చిట్టికాగితం మీద ఎదుటి గోడ, కిటికీ, కప్పు బొమ్మగా దిగి ఉండేవి. ఆయన భార్య కాన్‌స్టన్స్ ఆ పెట్టెలకు ‘ఎలుకబోనులు’ అని పేరు పెట్టింది. ఆ ఏడాది సెప్టెంబరులో ఆమె భర్తకు రాసిన ఉత్తరంలో ఆ మాట కనిపిస్తుంది.

టాల్బట్ బీదవాడు కాడు. పార్లమెంటులో సభ్యుడిగా కూర్చున్నవాడు, గణితంలో చేసిన కృషికి 1831లోనే రాయల్ సొసైటీ ఫెలోగా ఎన్నికైనవాడు. లండన్‌లో ఏ దుకాణంలోనైనా ఏది కావాలంటే అది కొనగలడు. కాకపోతే ఆయనకు కావలసిన వస్తువు ఏ దుకాణంలోనూ లేదు. ఇంట్లో కెమెరా తయారుచేసుకున్నారంటే డబ్బు లేక చేసుకున్నారని మనం చప్పున అనేసుకుంటాం. ఫొటోగ్రఫీ చరిత్ర చెప్పే కథ వేరు. తీయదలచిన బొమ్మను అంగడిలో దొరికే పరికరం తీయలేనప్పుడల్లా ఎవరో ఒకరు చెక్క, కటకం, గుడ్డ, దారం ముందేసుకుని కూర్చున్నారు. ఈ కళ పుట్టిందే అలాంటి బల్ల మీద.

అసలు చీకటిగదిలో బొమ్మ పడటం కొత్త సంగతేమీ కాదు. హంపీ వెళ్ళినవాళ్ళకు విరూపాక్షాలయంలో గైడు తప్పకుండా చూపించే వింత ఒకటుంది. గుడి వెనక భాగంలోని చీకటి గదిలో, గోడకున్న చిన్న సందులోంచి వచ్చే వెలుగు రాజగోపురాన్ని తలకిందులుగా ఎదుటి గోడ మీద పడేస్తుంది. వెలుగు తిన్నగా ప్రయాణిస్తుంది కాబట్టి గోపురం కొన నుంచి వచ్చింది కిందికి, మొదలు నుంచి వచ్చింది పైకి చేరతాయి. ఈ సూత్రంతోనే యూరప్ చిత్రకారులు లెన్సు బిగించిన పెట్టెలు వాడుకునేవారు. పెట్టె మీది గాజు పలక మీద పడిన బొమ్మను పెన్సిల్‌తో దిద్దుకోవడానికి అవి పనికొచ్చేవి. కళ్ళద్దాల, దూరదర్శినుల వ్యాపారులు వాటిని అమ్మేవారు కూడా.

ఆ గాజు మీది బొమ్మను కాగితం మీద నిలబెట్టాలని టాల్బట్ కన్నా ముందే ఇంగ్లండ్‌లో థామస్ వెడ్జ్‌వుడ్ అనే ఆయన ప్రయత్నించాడు. ఆ ప్రయోగాల గురించి రసాయనశాస్త్రవేత్త హంఫ్రీ డేవీ 1802లో ప్రచురించిన వ్యాసంలో ఉన్నది ఉన్నట్టు రాశాడు. వెండి లవణాలు పూసిన కాగితాన్ని చిత్రకారుల పెట్టెలో పెడితే బొమ్మ పడటం లేదు, వెలుగు చాలడం లేదు. ఆకులనూ గాజు మీది బొమ్మలనూ ఆనించి తీసినవి దిగుతున్నాయి గానీ, వెలుతురులో పెడితే అవీ నల్లబడిపోతున్నాయి. వ్యవహారం అక్కడితో ఆగిపోయింది.

టాల్బట్‌కు ఈ పిచ్చి పట్టింది 1833 అక్టోబరులో, ఇటలీలో కోమో సరస్సు ఒడ్డున. చిత్రలేఖనానికి సాయపడే పట్టకం ఒకటి చేతిలో పెట్టుకుని దృశ్యాన్ని గీయబోతే గీతలు ఎంతకీ కుదరలేదు. ఈ వెలుగు బొమ్మ తనంతట తానే కాగితం మీద అచ్చుపడితే ఎంత బాగుండును అనుకున్నాడు. ఇంటికి తిరిగొచ్చాక 1834లో పని మొదలుపెట్టాడు.

ఆయన పద్ధతి వింటే ఆశ్చర్యం కలుగుతుంది. మంచి రాత కాగితాన్ని మామూలు ఉప్పు కలిపిన నీళ్ళలో ముంచి ఆరబెట్టాలి. తర్వాత ఒక పక్కన సిల్వర్ నైట్రేట్ ద్రావణం పూయాలి. కాగితంలో సిల్వర్ క్లోరైడ్ ఏర్పడుతుంది, ఎండ తగిలితే నల్లబడుతుంది. పూత పూసిన కాగితాల అంచులు ఒక్కోసారి నడిమి భాగం కన్నా త్వరగా నల్లబడటం టాల్బట్ కంటపడింది. ఆ అంచుల్లో ఉప్పు పలచగా ఉంది. అంటే ఉప్పు తగ్గితే కాగితానికి చురుకుదనం పెరుగుతోంది. ఆ వెంటే రెండో సంగతీ తోచింది. ఉప్పు బాగా ఎక్కువైతే కాగితం మొద్దుబారుతుంది కాబట్టి, బొమ్మ దిగిన తర్వాత చిక్కటి ఉప్పునీళ్ళలో ముంచితే అది ఇక నల్లబడకుండా నిలుస్తుంది. వెడ్జ్‌వుడ్‌ను ఓడించిన చిక్కుముడిని విప్పింది వంటింటి ఉప్పు. అందరూ పాడైపోయిందని పారేసే కాగితం అంచును ఆయన అంత శ్రద్ధగా చూశాడు, ఈ మొత్తం కథలో నన్ను అన్నిటికన్నా ఎక్కువగా కట్టిపడేసేది అదే.

పెట్టె ఎందుకు చిన్నదైంది

కాగితం సంగతి తేలింది గానీ, దాని చురుకుదనం ఇంకా తక్కువే. మొదట పెద్ద పెట్టె ఒకటి తీసుకుని, మంచి లెన్సు బిగించి, వేసవి మధ్యాహ్నం ఇంటికెదురుగా పెడితే బొమ్మ దిగడానికి గంట, రెండు గంటలు పట్టింది. ఇక్కడ టాల్బట్‌లోని గణితవేత్త లేచాడు. లెన్సు వెడల్పు మార్చకుండా దాని నుంచి కాగితానికి ఉండే దూరాన్ని సగానికి తగ్గిస్తే, బొమ్మ వైశాల్యం నాలుగో వంతుకు తగ్గుతుంది. అదే వెలుగు నాలుగో వంతు చోటులో పోగుపడుతుంది కాబట్టి కాగితం మీద నాలుగింతలు పనిచేస్తుంది. అంటే పొట్టి నాభ్యంతరం ఉన్న లెన్సు కావాలి, దానికి తగ్గట్టు బుల్లి పెట్టె కావాలి. సూక్ష్మదర్శినిలో వాడే లెన్సులు సరిగ్గా అలాంటివే.

పెట్టెలు లాకాక్ ఊరి వడ్రంగి జోసెఫ్ ఫోడెన్ చేశాడని చెబుతారు. వాటిలో కొన్ని ఇప్పటికీ మ్యూజియంలలో ఉన్నాయి. చూస్తే నగిషీ ఏమీ ఉండదు. ముదురు రంగు చెక్క పలకలు మూలలు కలిపి బిగించినవి, ముందువైపు ఇత్తడి గొట్టంలో లెన్సు, వెనక కాగితం పెట్టుకునే వీలు. కొన్నింటికి ముందు పలకలోనే ఇంకో చిన్న బెజ్జం ఉంటుంది, దానికో మూత. ఆ మూత తీసి కన్ను ఆనిస్తే లోపల కాగితం మీద బొమ్మ స్పష్టంగా కుదిరిందా, ఎంతవరకు దిగింది అనేవి కనిపిస్తాయి. ఫిల్మ్ కెమెరాకు అలాంటి బెజ్జం పెడితే ఫిల్మ్ అంతా పాడవుతుంది. టాల్బట్ కాగితం అంత నింపాదిగా నల్లబడేది కాబట్టి ఒక్క క్షణం తొంగిచూసినా నష్టం లేదు. రసాయనం బలహీనతను బాగా ఎరిగినవాడు కనుకనే ఆ బలహీనతనే పరికరానికి వసతిగా మార్చుకోగలిగాడు. తెలియని వాడకందారు కోసం తయారుచేసే అంగడి సరుకుకు ఇంత సాహసం కుదరదు.

1835 ఆగస్టులో తీసిన బొమ్మ ఒకటి నేటికీ మిగిలింది. బంగళా దక్షిణపు వసారాలో గోడ దాటి బయటికి పొడుచుకు వచ్చిన కిటికీ అది. కొలత అంగుళం పైచిలుకు. ప్రపంచంలో ఇప్పటికీ నిలిచి ఉన్న కెమెరా నెగెటివ్‌లలో ఇదే అతి పాతది. కొత్తగా ఉన్నప్పుడు కిటికీలోని గాజు పలకలు, దాదాపు 200, భూతద్దంతో లెక్కపెట్టగలిగేలా ఉండేవని టాల్బట్ దాని పక్కన స్వయంగా రాసుకున్నాడు. ఇది బ్రిటన్ సైన్స్ మ్యూజియం సేకరణలో భద్రంగా ఉంది.

ఫ్రాన్స్‌లో ఇంతకన్నా ముందే నిసెఫోర్ నియెప్స్ ఇదే దారిలో నడిచాడు. 1816లో తన కెమెరా లెన్సు పగిలిపోతే, కొడుకు ఇసిడోర్ ఉంగరాల పెట్టె తీసుకుని, తాతగారి సూక్ష్మదర్శిని లెన్సు దానికి బిగించి, కిటికీలోంచి కనిపించే పక్షుల గూడును కాగితం మీదికి దించాడు. ఆ బొమ్మను నిలబెట్టే ఉపాయం మాత్రం అప్పటికి ఆయనకు చిక్కలేదు.

కొనుక్కునే కెమెరా 1839లో వచ్చింది. డాగేర్ అనే ఫ్రెంచి చిత్రకారుడు కనిపెట్టిన ఫొటో పద్ధతిని ఆ జనవరిలో పారిస్‌లో ప్రకటించారు. డాగేర్‌తో ఒప్పందం చేసుకున్న అల్ఫోన్స్ జిరూ ఆ ఏడాదే కెమెరాలు అమ్మకానికి పెట్టాడు. ధర 400 ఫ్రాంకులు, సామగ్రి అంతా కలిపితే 50 కిలోల దాకా బరువు. ఆ తర్వాత టాల్బట్ కూడా లండన్‌లో ఆండ్రూ రాస్ లాంటి నిపుణుల దగ్గర కెమెరాలు, లెన్సులు చేయించుకున్నాడు. 1840 సెప్టెంబరులో ఆయన కనిపెట్టిన కొత్త పద్ధతిలో కాగితం మీద బొమ్మ కంటికి కనిపించకముందే దాగి ఉంటుంది, గాలిక్ ఆమ్లంతో కడిగితే పైకి తేలుతుంది. అరగంట పని నిమిషాల్లోకి వచ్చింది. ఇక ఎలుకబోనులతో పని తీరిపోయింది.

మంచు కోసం దారం, చక్రాలు

అంగళ్ళ నిండా కెమెరాలు వచ్చాక కూడా చేతిపని ఆగలేదు. అమెరికాలో వెర్మాంట్ రాష్ట్రంలోని జెరికో ఊళ్ళో విల్సన్ బెంట్లీ అనే రైతుబిడ్డ ఉండేవాడు. మంచు రేణువులంటే ప్రాణం. సూక్ష్మదర్శినిలో చూస్తూ బొమ్మలు గీసేవాడు, గీత పూర్తయ్యేలోపు రేణువు కరిగిపోయేది. తల్లి నచ్చజెప్పగా తండ్రి ఇష్టం లేకపోయినా దాదాపు 100 డాలర్లు పెట్టి తోలుతిత్తుల కెమెరా కొనిచ్చాడు. రైతు కుటుంబానికి ఆ రోజుల్లో అది చిన్న ఖర్చు కాదు. కెమెరానైతే కొన్నారు, కానీ అది మంచు రేణువును తీయదు. సూక్ష్మదర్శినిని దానికి అతికించి తిత్తిని బాగా సాగదీయాల్సి వచ్చింది. అప్పుడు వెనక గాజు పలక దగ్గర నిలబడి బొమ్మ చూస్తున్నవాడి చెయ్యి ముందున్న సూక్ష్మదర్శిని మర దాకా అందదు. బెంట్లీ చక్రాలు బిగించి, వాటి మీదుగా దారం తీసి, వెనక నిలబడే మర తిప్పే ఏర్పాటు చేసుకున్నాడు.

1885 జనవరి 15న మంచు రేణువు ఫొటో దిగింది. బెంట్లీకి ఇంకా ఇరవై నిండలేదు. ఆ పని నిప్పు లేని కొట్టంలో సాగేది, ఎందుకంటే వెచ్చదనం తగిలితే రేణువు పోతుంది. నల్ల పలక మీద పడిన మంచులోంచి మంచి రేణువును ఎంచి, గాజు మీదికి చేర్చి, పక్షి ఈకతో మెల్లగా అదిమేవాడు, ఊపిరి బిగబట్టి. రేణువు తెల్లగా, వెనక నల్లగా రావడానికి నెగెటివ్ నకలు మీద రేణువు చుట్టూ ఉన్న పూతను చాకుతో గీకి తీసేసేవాడు. ఆరు మూలల కొసల చుట్టూ చెయ్యి వణకకుండా చాకు తిప్పడం ఎంత ఓర్పుతో కూడిన పనో ఊహించండి. అదే పరికరంతో జీవితాంతం 5,000కు పైగా రేణువులు తీశాడు. 1931లో ‘స్నో క్రిస్టల్స్’ అనే పుస్తకంగా 2,000కు పైగా ఫొటోలు అచ్చయ్యాయి, ఆ డిసెంబరులోనే ఆయన చనిపోయాడు.

మండువా వెలుగు

మన దేశానికి వస్తే నాకు ముందుగా గుర్తొచ్చే పేరు సుబ్రత మిత్ర. సత్యజిత్ రాయ్ ‘పథేర్ పాంచాలి’కి కెమెరా పట్టేనాటికి ఇరవయ్యేళ్ళు దాటిన కుర్రాడు, అంతకుముందు సినిమా కెమెరా నడిపింది లేదు. 1956లో రాయ్ తర్వాతి సినిమా ‘అపరాజితో’ వచ్చింది, దానికీ మిత్రే కెమెరా. కథలో హరిహరుడి కుటుంబం కాశీలో ఉండే ఇంటిని వానల భయంతో కలకత్తా స్టూడియోలో సెట్ వేయాలని కళాదర్శకుడు బన్సీ చంద్రగుప్త అన్నాడు. మిత్ర ఒప్పుకోలేదు. అది మండువా ఇల్లు. నడిమి ముంగిలి మీద ఆకాశం, ఆ తెరిచిన చోటు నుంచే ఇల్లంతటికీ వెలుగు. అలాంటి ఇళ్ళల్లో పెరిగిన గోదావరి జిల్లాల పెద్దలకు ఆ వెలుగు ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. ఎండ నేరుగా పడని వేళ ఏ మూల చూసినా మెత్తగా పరుచుకుంటుంది, మనిషి వెనక కోసినట్టు నీడ పడదు. స్టూడియో దీపాలు వేస్తే ఒక్కో మనిషికి మూడేసి నీడలు.

సెట్ వేయక తప్పలేదు. మిత్ర ముంగిలి పైన, ఆకాశం ఉండాల్సిన చోట, తెల్లని గుడ్డను చట్రానికి బిగించి పరిచాడు. దీపాలను కింద పెట్టి నటుల వైపు కాకుండా గుడ్డ వైపు తిప్పాడు. గుడ్డ మీద పడి చెదిరిన వెలుగు మాత్రమే కిందికి దిగింది. తెర మీద చూస్తే ఏది కాశీలో తీసిందో, ఏది స్టూడియోలో తీసిందో పోల్చడం కష్టం. ఇప్పుడు బౌన్స్ లైటింగ్ అని ఫిల్మ్ స్కూళ్ళలో నేర్పే పద్ధతి ఇదే. దాన్ని అంత ముందుగా, అంత నిండుగా సాధించిన మనిషిని మన సినిమా పత్రికలు తలుచుకోవలసినంతగా తలుచుకోవు. ఆ లోటు నాకు నిజంగానే బాధ కలిగిస్తుంది.

ఇలాంటి చేతిపనికి తొలిమెట్టుగా మన బడి పిల్లలకు సామాన్యశాస్త్రంలో సూదిబెజ్జం కెమెరా పాఠం ఉంది. రెండు గొట్టాలు ఒకదాంట్లో ఒకటి దూర్చి, ఒక కొసకు బెజ్జం పెట్టిన నల్లకాగితం, రెండో గొట్టానికి నూనె రాసిన కాగితం అంటించి కొవ్వొత్తిని తలకిందులుగా చూస్తారు. చాలా బడుల్లో పాఠం అక్కడ ఆగిపోతుంది. ఇంకొక్క మెట్టు ఎక్కించడం ఉపాధ్యాయులకు కష్టమేమీ కాదు. మూత గట్టిగా పట్టే ఒక డబ్బా లోపల నల్లరంగు వేసి, పలచని రేకులో సన్నటి సూదితో బెజ్జం చేసి డబ్బాకు అంటించాలి. బెజ్జానికీ కాగితానికీ పది సెంటీమీటర్ల దూరం ఉంటే, బెజ్జం సుమారు 0.4 మిల్లీమీటర్లు ఉంటే బొమ్మ బాగా కుదురుతుంది. అంచులు గరుకుగా ఉంటే సన్నటి గరుకు కాగితంతో రుద్దాలి. చీకట్లో, ఎర్రబల్బు కింద, నలుపు తెలుపు ఫొటోలు ముద్రించే కాగితం ముక్క లోపల పెట్టి, బెజ్జానికి నల్లటేపు అతికించి, డబ్బాను బడి ఆవరణలో కదలకుండా ఉంచి టేపు తీస్తే చాలు. మంచి ఎండలో నిమిషం అటూ ఇటూ సరిపోతుంది, మబ్బు పడితే అయిదారు నిమిషాలు పట్టొచ్చు. కడిగాక మొదట వచ్చేది నెగెటివ్, ఎండలో ఉన్న గోడ నల్లగా, చెట్టు నీడ తెల్లగా. దాన్ని ఇంకో కాగితం మీద బోర్లించి, పైన గాజు పలక పెట్టి ఒక్క క్షణం బల్బు వెలిగిస్తే అసలు బొమ్మ వస్తుంది. ఒక నెగెటివ్ నుంచి ఎన్ని బొమ్మలైనా తీసుకోవచ్చన్న ఆలోచనకు లాకాక్ కాగితాలే మొదలు. ఫిల్మ్ కెమెరాలు ఉన్నన్నాళ్ళూ స్టూడియోలు నడిచింది దాని మీదే.