తయారుచేసిన సంస్థ లేని కారు

పాత కారు కొనువాడు సాధారణముగా ఇంజను మ్రోత వినును, టైర్లు చూచును, తలుపులు తీసి వేయును, పిదప బేరమాడును. ఆ కారును చేసిన సంస్థ ఇంకను ఆ పని చేయుచున్నదా అని అడుగువారు తక్కువ. పేరుమోసిన కార్ల విషయమున ఆ ప్రశ్న అవసరము లేదు. అంతగా పేరులేని సంస్థ కారైనచో అన్నిటికంటె ముందు అడుగవలసినది అదియే. కొన్ని సంవత్సరములు రష్యాలో బాగుగా అమ్ముడైన లీఫాన్ ఎక్స్-60 అను చైనా కారు చరిత్ర చూచినచో ఇది తేటపడును.

లీఫాన్ పుట్టినది చుంగ్‌చింగ్ నగరమున. ఆ నగరము చైనాలో మోటారు సైకిళ్లకు ప్రసిద్ధి. సంస్థ స్థాపకుడు యిన్ మింగ్‌షాన్ 1938లో జన్మించెను. రాజకీయ కారణములచే యౌవనమంతయు నిర్బంధములలో గడచెను. తరువాత పుస్తక ప్రచురణలో కొంత గడించి, 1992లో, ఏబది దాటిన వయస్సున, కొద్దిమంది పనివారితో మోటారు సైకిలు ఇంజనుల పని మొదలుపెట్టెను. అప్పుడు ఇంజనులు దొరకుట కష్టము. మరమ్మతు కొరకు అమ్ము విడిభాగములు మాత్రము దొరకుచుండెను. ఆ భాగములనే కొని, కూర్చి, పూర్తి ఇంజనుగా అమ్మెనని చెప్పుదురు.

ఈ సంస్థ మొదటి కారును 2006లో బజారున పెట్టెను. దాని ఇంజను బ్రెజిలులోని ట్రైటెక్ కర్మాగారమునుండి వచ్చినది. క్రైస్లరు, బి.ఎం.డబ్ల్యు. సంస్థలు కలిసి కట్టిన ఆ కర్మాగారమునే కొని, ఊడదీసి, ఓడలపై చుంగ్‌చింగ్‌కు తేవలెనని యిన్ ప్రయత్నించెను. ఎంత సాహసము! అది నెరవేరలేదు; 2008లో ఫియట్ సంస్థ దానిని కొనెను.

ఎక్స్-60 అను కాంపాక్టు ఎస్.యు.వి. 2011లో చైనాలో వెలువడెను. మరుసటి సంవత్సరము రష్యాకు వచ్చెను. ఉత్తర కాకసస్ ప్రాంతమున చెర్కెస్కు పట్టణములోని డెర్వేస్ కర్మాగారమున దానిని కూర్చుచుండిరి. ఎత్తైన ఆకారము చూచి కొండదారుల బండి యని భ్రమపడరాదు. ఇంజను శక్తి ముందు చక్రములకే అందును.

దాని ఇంజను పేరు ఎల్.ఎఫ్.బి. 479 క్యూ. ఈ అంకెలకు అర్థమున్నది. చైనాలో ఇంజనులకు పేరుపెట్టు పద్ధతి ప్రకారము 4 అనగా సిలిండర్ల సంఖ్య, 79 అనగా సిలిండరు వ్యాసము మిల్లీమీటర్లలో. మొత్తము ఘనపరిమాణము 1,794 ఘన సెంటీమీటర్లు. విద్యార్థులు లెక్క చేసి చూడవచ్చును: వ్యాసార్ధము 3.95 సెం.మీ. గనుక సిలిండరు అడ్డుకోత వైశాల్యము 49.02 చదరపు సెం.మీ.; 1,794ను 4 చేతను, మరల 49.02 చేతను భాగించినచో పిస్టను కదలిక సుమారు 9.15 సెం.మీ. వచ్చును. జపానులోని టొయోటా సంస్థ 1జెడ్‌జెడ్ అను ఇంజనుకు కూడ ఇవే కొలతలు!

అట్లయిన టొయోటా భాగము లీఫానుకు సరిపోవునా? కొలతలు రెండు మూడు కలిసినంత మాత్రమున భాగములు మార్చుకొనుటకు వీలుండదు. వేయింట ఏ భాగము తీసినను ఏ యంత్రముననైనను అమరునట్లు చేయుట ఒక ప్రత్యేక విద్య. 1785లో ఫ్రాన్సులో ఒక పనివాడు తుపాకిని పేల్చు యంత్రము భాగములను కుప్పలుగా పోసి చూపగా, అమెరికా రాయబారి జెఫర్సను చేతికందిన ముక్కలు తీసి తానే కూర్చి, అవి చక్కగా అమరినవని స్వదేశమునకు వ్రాసెను. 1908లో ఇంగ్లండున బ్రూక్‌లాండ్స్ వద్ద మూడు కాడిలాక్ కార్లను పూర్తిగా ఊడదీసి, ముక్కలన్నియు కలిపివేసి, 89 భాగములను తీసి వాని స్థానమున దుకాణపు సరుకు పెట్టి, మరల కూర్చి 500 మైళ్లు నడిపిరి. పాత కారుకు విలువ కట్టగలుగుట ఆనాటి విద్య ఫలమే. భాగము అరిగిన మార్చవచ్చుననెడి ధీమా లేనిచో పాత కారు ఇనుప సామానే.

కొన్ని భాగములు ప్రపంచమంతటికి ఉమ్మడి. 6205 సంఖ్యగల బేరింగు ఏ దేశమున చేసినను లోపలి వ్యాసము 25, వెలుపలి వ్యాసము 52, వెడల్పు 15 మిల్లీమీటర్లు. కాని తలుపు, బంపరు, హెడ్‌లైటు, ముందరి అద్దము ఒక నమూనాకే చెందినవి. వానిని చేయు అచ్చులు మూలబడినచో ఆ భాగము కొరత పడును. 2020లో లీఫాన్ అప్పుల పాలై చుంగ్‌చింగ్ న్యాయస్థానము అధీనమున పునర్వ్యవస్థీకరణకు పోయెను. గీలీ సంస్థ వచ్చి చేరెను. సంస్థ పేరు మారెను. చెర్కెస్కులోని పని కూడ ఆగిపోయెను. కార్లు మాత్రము రోడ్లపై మిగిలెను.

పాత కార్ల బజారును గూర్చి 1970లో అమెరికా అర్థశాస్త్రజ్ఞుడు జార్జి అకర్లాఫ్ ఒక ప్రసిద్ధ వ్యాసము ప్రకటించెను. మంచి కారు విలువ 4 లక్షలు, చెడ్డదాని విలువ 2 లక్షలు అనుకొందము. ఏది యేదో తెలియని కొనువాడు 3 లక్షలకు మించి ఇయ్యడు. ఆ ధరకు మంచి కారు యజమాని అమ్మడు. బజారున చెడ్డవే మిగులును. ధర ఇంకను దిగును. 1967-68లో అకర్లాఫ్ మన దేశముననే ఉండెను. పత్రికవారు ఆ వ్యాసమును త్రిప్పిపంపిన మొదటి ఉత్తరము ఆయనకు ఇచటనే అందినది. బజారు బియ్యములో అదే రంగు, అదే ఆకారము గల రాళ్లు కలుపుటచే మన గృహిణులు బియ్యము ఏరుకొనవలసి వచ్చుచున్నదని కూడ అందు వ్రాసెను.

లీఫాన్ వంటి కారున మరియొక చిక్కు కలదు. ఇంజను సంగతి అమ్మువానికి తెలియును. ముందరి అద్దము ఐదేండ్ల తరువాత దొరకునో లేదో అతనికిని తెలియదు. ఈ అనుమానము మంచి కారు ధరను, చెడ్డ కారు ధరను సమానముగా దించును. కాబట్టి ధర తక్కువైనంత మాత్రమున ఇంజను చెడ్డదని తలపరాదు. అటులనే ఇంజను మంచిదైనంత మాత్రమున బేరము మంచిదని కూడ తలపరాదు. కొనదలచినవాడు బండిని చూచుటకు ముందే విడిభాగముల దుకాణమునకు పోయి అద్దము, హెడ్‌లైటు, ఇంజనును నడపు ఎలక్ట్రానిక్ పెట్టె, ఈ మూడింటి ధరలు వ్రాసికొనవలెను. దుకాణదారు ధర చెప్పక, పాడైపోయిన కార్లను ఊడదీయు చోటికి పొమ్మన్నచో, అచట అదే నమూనా కార్లు ఎన్ని పడియున్నవో లెక్కించి, ఆ పిదప బేరమునకు కూర్చుండవచ్చును.